ప్లెయిన్స్ ఊరి వడ్రంగి

పదవి దిగిపోయే పెద్దమనిషికి వీడ్కోలు కానుకగా ఏమివ్వాలి? మన దగ్గరైతే శాలువా, పూలదండ, వెండి జ్ఞాపికతో పని అయిపోతుంది. 1981 జనవరిలో వైట్‌హౌస్ ఉద్యోగులకూ ఈ ప్రశ్న ఎదురైంది. ఎన్నికల్లో చిత్తుగా ఓడి సొంతూరికి బయల్దేరుతున్న అధ్యక్షుడికి తలాకాస్త వేసుకుని ఏదైనా మంచిది కొనిద్దామనుకున్నారు. జీపు మాట వచ్చింది. ఆయన మాత్రం వడ్రంగి పనిముట్లు చాలన్నారు. చందా డబ్బు సియర్స్ దుకాణానికి వెళ్లింది. జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో, ఆయన ఇంటి గరాజ్‌లో కారు ఉండాల్సిన చోట రంపాలూ ఉలులూ యంత్రాలూ చేరాయి.

ఆయన జిమ్మీ కార్టర్. అప్పటికి వయసు 56. ఆ తర్వాత దాదాపు 44 ఏళ్లు బతికి, 2024 డిసెంబరు 29న, వందేళ్లు నిండిన మూడు నెలలకు అదే ఇంట్లో కన్నుమూశారు.

ఆ వారమంతా ప్రపంచ పత్రికలన్నీ ఆయన గురించే రాశాయి. ఈజిప్టుకూ ఇజ్రాయెల్‌కూ సంధి కుదిర్చిన క్యాంప్ డేవిడ్, ఇరాన్‌లో 444 రోజులు బందీలుగా చిక్కిన అమెరికన్లు, 2002 నోబెల్ శాంతి బహుమతి. వడ్రంగం చాలాచోట్ల ఆఖరి పేరాల్లో, కాలక్షేపాల ఖాతాలో పడింది. నా లెక్క వేరు. అధ్యక్ష పదవి నాలుగేళ్లు. కొయ్యపని, ఆదివారం బైబిలు పాఠం, భార్య రోజలిన్‌తో కాపురం మాత్రం ఒక్కొక్కటీ డెబ్బై ఏళ్లకు పైబడినవి. మనిషిని కొలవాలంటే ఎక్కువకాలం చేసిన పనితో కొలవడం న్యాయం. అందుకే ఈ కథనంలో అధ్యక్షుడు పక్కన నిలబడతాడు, వడ్రంగి ముందుకొస్తాడు.

కొలిమి పక్క బల్ల

1924 అక్టోబరు 1న పుట్టిన జిమ్మీ పెరిగింది ప్లెయిన్స్ పక్కనే ఉన్న ఆర్చరీ అనే పల్లెలో. తండ్రి ఎర్ల్ కార్టర్ రైతు, చిన్న దుకాణం కూడా నడిపేవాడు. వేరుశనగ, పత్తి, చెరుకు. అనంతపురం రైతు అక్కడికి వెళితే నేలా పైరూ కొత్తగా అనిపించవు. చుట్టుపక్కల ఇళ్లన్నీ దాదాపు నల్లజాతి కూలీ కుటుంబాలవే. జిమ్మీ ఆటపాటలన్నీ వాళ్ల పిల్లలతోనే. చిన్నతనంలో ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు.

ఆ పొలంలో కొలిమీ, దాని పక్కనే వడ్రంగి పనికి ఓ కొట్టమూ ఉండేవి. అవి ఆర్థిక మాంద్యం రోజులు. నాగలి విరిగితే పట్నం పంపి బాగుచేయించే స్తోమత ఎవరికీ లేదు. విరిగింది ఏదైనా ఇంట్లోనే అతకాలి. కుర్రాడు గుర్రాలకు లాడం కొట్టడం, ఉలికి పదును పెట్టడం, పలకను చిత్రిక పట్టడం అక్కడే నేర్చుకున్నాడు. హైస్కూల్లో వ్యవసాయ విద్యార్థుల సంఘంలో చేరి ఆ పనికి మరింత సానపట్టుకున్నాడు.

ఆ తర్వాత నౌకాదళం. 1946లో నేవల్ అకాడమీ చదువు పూర్తయింది, జులై 7న రోజలిన్ స్మిత్‌తో ప్లెయిన్స్ మెథడిస్టు చర్చిలో పెళ్లయింది. కొత్త కాపురం ఊళ్లు మారుతూ సాగింది. హవాయిలో ఉన్నప్పుడు నౌకాదళం వాళ్ల వర్క్‌షాప్‌లో కూర్చుని తమ ఇంటికి కావలసిన సామాను తానే చేసుకున్నారు. జలాంతర్గాములకు అణుశక్తిని బిగిస్తున్న అడ్మిరల్ రికోవర్ బృందంలో చోటు దొరికింది. నౌకాదళంలో అంతకంటే మెరుగైన దారి లేదు.

1953లో తండ్రి క్యాన్సర్‌తో చనిపోయాడు. ఉద్యోగం వదిలి ఊరికి తిరిగి వెళ్లాలని జిమ్మీ నిర్ణయించుకున్నారు. భార్యను అడగలేదు. రోజలిన్‌కు ఆ పల్లె వదిలి ప్రపంచం చూడటమే ఇష్టం. దారి పొడవునా ఆమె భర్తతో దాదాపు మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల తర్వాత రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసేటప్పుడూ ముందు ఆమెతో ఒక్క మాట అనలేదు. మంచి భర్త అన్న పేరున్న మనిషి గురించి ఈ సంగతులు దాచడం ఎందుకు? ఆయన కూడా దాచలేదు, పుస్తకాల్లో రాసుకున్నారు.

ఊరికి చేరిన మొదటి ఏడాదే కరువు. ఏడాది కష్టానికి మిగిలింది మూడు వందల డాలర్ల లోపే. ముగ్గురు పిల్లలతో పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో ఒకదాంట్లో అద్దెకు దిగారు. అలాంటి ఇంట్లో బతికి తర్వాత వైట్‌హౌస్‌కు వెళ్లిన అధ్యక్షుడు ఆయన ఒక్కడే. ముప్పై ఏళ్ల తర్వాత పేదవాళ్ల ఇళ్లకు మేకులు కొట్టడానికి వెళ్లినప్పుడు, ఇరుకు గదుల సంగతి ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

పచ్చి కొయ్య, ఎండు కొయ్య

1981లో తిరిగి వచ్చిన ఇల్లు 1961లో కట్టుకున్నదే. రెండు పడకగదుల మామూలు ఇల్లు. పదవిలో ఉన్నంతకాలం వేరుశనగ గిడ్డంగుల వ్యాపారాన్ని ట్రస్టు చేతికి అప్పగించి దాని జోలికి పోలేదు. తిరిగొచ్చి చూస్తే పది లక్షల డాలర్ల దాకా అప్పు! వ్యాపారం అమ్మేయాల్సి వచ్చింది. ఓటమి బాధ, అప్పుల బాధ, ఏం చేయాలో తోచని ఖాళీ. అలాంటి సమయంలో గరాజ్‌లోకి ఆ పనిముట్లు వచ్చాయి.

ముందు ఇంటికి కావలసినవి చేసుకున్నారు. అటక మీద పలకలు పరిచారు. దంపతులు నిద్రపోయే నాలుగు స్తంభాల మంచం ఆయన చేతి పనే. తర్వాత పిల్లలకు బల్లలు, మనవలకు ఊయలలు. ఉత్తర జార్జియా కొండల్లో ఎల్లిజే దగ్గర చిన్న దుంగల ఇల్లు కట్టుకుంటే, అందులోని సామాను చాలావరకు ఈ గరాజ్‌లోంచే వెళ్లింది. అన్నీ కలిపితే వందకు పైగా. సరదాకి నెలకోసారి సుత్తి పట్టేవాడికి ఈ లెక్క రాదు.

వడ్రంగం తెలిసినవాళ్లకు ఆయన చేసిన హికరీ కుర్చీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇవి మిల్లు నుంచి తెచ్చిన పలకలతో చేసినవి కావు. అడవిలో చెట్టును చూసి, పడగొట్టి, దుంగను చీల్చి, పచ్చిగా ఉండగానే పని మొదలుపెట్టడం ఆయనకు చాలా ఇష్టం. ఈ పద్ధతిలో కుర్చీ కాళ్లకు పచ్చి కొయ్య వాడతారు, అడ్డకర్రలను మాత్రం ముందే బాగా ఎండబెడతారు. పచ్చి కాలికి బెజ్జం తొలిచి, ఎండిన కర్ర కొనను అందులోకి దిగ్గొడతారు. రోజులు గడిచేకొద్దీ కాలు ఎండి ముడుచుకుంటుంది. లోపలి కర్ర గాలిలో తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మేకు లేదు, జిగురు అక్కర్లేదు. కూర్చునే చోట హికరీ బెరడునే పట్టీలుగా కోసి అల్లుతారు. మన ఊళ్లలో ద్వారబంధానికి కూసం, బెజ్జం కలిపే పెద్ద వడ్రంగులు ఈ కిటుకు విని నవ్వుకుంటారు. కొయ్య స్వభావం తెలిసినవాళ్లకు ఏ దేశమైనా ఒకటే.

అలాంటి కుర్చీలను, బీరువాలను ఆయన పెట్టిన కార్టర్ సెంటర్ అనే సంస్థ వేలం వేసేది. ఒక్కో వస్తువు లక్షల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. ఆ ధర పనితనానిదా, పేరుదా అని అడిగితే, పేరుదే ఎక్కువని నిజాయతీగా ఒప్పుకోవాలి. అయితే ఆయన తనను గొప్ప కళాకారుడిగా ఎప్పుడూ చెప్పుకోలేదు. కాలిఫోర్నియాలో ఊగుడు కుర్చీలకు పేరుపొందిన శామ్ మలూఫ్‌ను తన హీరోగా చెప్పుకునేవారు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు ఒక కుర్చీలు చేసే మనిషిని గురువు స్థానంలో పెట్టాడంటే, చేతిపనికి ఇచ్చిన మర్యాద ఎంతటిదో తెలుస్తుంది.

వేలం డబ్బు ఎక్కడికి వెళ్లేది? 1982లో పెట్టిన ఆ సంస్థ ఆఫ్రికాలో నారికురుపు మీద యుద్ధానికి దిగింది. 1986లో ఏడాదికి 35 లక్షల మందిని పీడించిన ఆ జబ్బు 2023 నాటికి ప్రపంచం మొత్తంలో 14 కేసులకు దిగింది. నారికురుపు అంటే ఏమిటో మన పెద్దవాళ్లకు తెలుసు. దిగుడుబావుల నీళ్లు తాగిన తెలుగు పల్లెలను కూడా అది బాధపెట్టింది. 2000లో మన దేశం దాన్నుంచి బయటపడింది.

ఆదివారం ఉదయం

బాప్టిస్టు అన్న మాట ఒంగోలు, నెల్లూరు వాళ్లకు కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ బళ్లూ ఆసుపత్రులూ పెట్టారు. అమెరికాలో మాత్రం 1845లోనే ఆ సంఘం రెండుగా చీలింది. కారణం బానిసత్వం. దక్షిణాది వాళ్లు వేరుపడి సదరన్ బాప్టిస్టులయ్యారు. కార్టర్ పుట్టింది ఆ దక్షిణాది వాళ్లలో.

ఆయన విశ్వాసానికి అసలు పరీక్ష 1965లో సొంత చర్చిలోనే వచ్చింది. నల్లజాతి వాళ్లను ఆరాధనకు రానివ్వకూడదని ప్లెయిన్స్ బాప్టిస్టు చర్చి పెద్దలు తీర్మానం పెట్టారు. కార్టర్ లేచి వద్దన్నారు. ఓట్లు లెక్కపెడితే, తీర్మానాన్ని కాదన్నది ఆయన కుటుంబమూ, ఇంకొక్కరూ! చాలామంది చేయెత్తకుండా ఊరుకున్నారు. ఇంటికి వచ్చాక లోలోపల మీ వైపే ఉన్నామని చెప్పేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు, అది వేరే సంగతి. వేరుశనగ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అందరూ ఆ చర్చి మనుషులే అయిన ఊళ్లో అది వ్యాపారానికి చేటు తెచ్చే ఓటు. 1976లో, సరిగ్గా అధ్యక్ష ఎన్నికల ముందు, ఒక నల్లజాతి పాస్టరు సభ్యత్వం అడగడంతో గొడవ మళ్లీ రేగింది. మరుసటి ఏడాది చర్చి చీలింది. అందరినీ రానివ్వాలన్న వాళ్లు బయటికొచ్చి మరనాత బాప్టిస్టు చర్చి కట్టుకున్నారు. మరనాత అన్న పేరు మన కోస్తా ఊళ్లలోనూ చర్చి బోర్డుల మీద కనిపిస్తుంది. వైట్‌హౌస్ నుంచి తిరిగొచ్చాక కార్టర్లు చేరింది ఈ చర్చిలోనే.

నేవల్ అకాడమీలో 18 ఏళ్ల కుర్రాడిగా మొదలుపెట్టిన సండేస్కూల్ పాఠాన్ని ఆయన 95 ఏళ్లు వచ్చేదాకా వదల్లేదు. అధ్యక్షుడిగా ఉండగా వాషింగ్టన్ చర్చిలోనూ అప్పుడప్పుడూ చెప్పారు. మరనాతలో పాఠం వినడానికి తెల్లవారకముందే కార్లు బారులు తీరేవి. చోటు చాలకపోతే పక్క గదుల్లో టీవీలు పెట్టేవాళ్లు. గట్టిగా ఆరొందల మంది ఉండని ఊరికి అంతమంది రావడమంటే మాటలు కాదు. ఆయన పాఠం మొదలుపెట్టేముందు ఎవరెక్కడి నుంచి వచ్చారో అడిగేవారు. పాఠం, ఆరాధన అయ్యాక దంపతులు ఫొటోలకు నిలబడేవారు. వరసలో వచ్చేవాళ్లకు ముందే హెచ్చరిక: కరచాలనం వద్దు, కబుర్లు వద్దు, నవ్వి కదలండి.

ఆ చర్చిలో శిలువ ఆయన చేసిందే. కానుకలు వేసే కొయ్య పళ్లేలనూ ఆయనే లేత్ మీద తిప్పారు. పళ్లెం తిరగేస్తే అడుగున పేరు మొదటి అక్షరాలు జే.సి. కనిపిస్తాయి. ఆ రెండక్షరాలకు చర్చిలో ఇంకో అర్థం తోచడం సహజం, ఆ హాస్యం ఊళ్లో అందరికీ తెలిసిందే. వంతు వచ్చినప్పుడు ఆయన చర్చి ముందు గడ్డి కోసేవారు, రోజలిన్ లోపల మరుగుదొడ్లు కడిగేవారు. మన దగ్గర మాజీ సర్పంచి ఇలా చేసినా వార్తే అవుతుంది.

2000లో సదరన్ బాప్టిస్టు సంఘంతో తెగదెంపులు చేసుకున్నారు. ఆడవాళ్లు పాస్టర్లు కాకూడదని, భార్య భర్తకు లోబడి ఉండాలని ఆ సంఘం గట్టిగా అనడం ఆయనకు మింగుడుపడలేదు. డెబ్బై ఆరేళ్ల వయసులో, పుట్టి పెరిగిన సంఘం నుంచి పేరు తీసేయించుకోవడం చిన్న విషయం కాదు. అంతమాత్రాన చర్చి మానలేదు. మరనాతలో కూర్చునే చోటు మారలేదు.

వాల్‌నట్ పలక మీద ఒక వాగ్దానం

77 ఏళ్ల దాంపత్యం. అమెరికా అధ్యక్షుల్లో ఇంతకాలం కలిసి బతికిన జంట లేదు. అంత పొడవు కాపురాన్ని దూరం నుంచి చూస్తే పాలూ తేనే అనిపిస్తుంది. దగ్గరికి వెళితే మామూలు ఇల్లే. 1980ల్లో ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాయబోయి దాదాపు విడిపోయేంత గొడవపడ్డారు. జరిగింది ఒకటే, ఇద్దరికీ గుర్తున్నవి రెండు. ఆయన చకచకా రాసేస్తారు, ఆవిడ ప్రతి వాక్యాన్నీ చెక్కుతారు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దితే సహించరు. చివరికి ప్రచురణకర్త మధ్యవర్తిగా వచ్చి, గొడవపడ్డ పేరాలను ఎవరివి వారికి పంచి, పేరా ముందు రాసినవారి పేరు మొదటి అక్షరం పెట్టించాడు. పుస్తకం 1987లో అచ్చయింది, కాపురం నిలిచింది.

వడ్రంగం ఇలాంటి చోట ఎలా పనికొచ్చిందో చూడండి. ఒకసారి ఏదో విషయంలో ఇద్దరికీ మాటా మాటా పెరిగి రాత్రి పొడుగునా ముభావం. తెల్లారాక ఆయన గరాజ్‌లోకి వెళ్లి పల్చటి వాల్‌నట్ పలక ఒకటి తీసుకుని దాని మీద ఒక హామీ చెక్కారు. ఇకపై ఏ రోజు సాయంత్రమైనా ఈ పలక చూపిస్తే నువ్వు కోరినట్టు క్షమాపణైనా చెబుతాను, క్షమించమంటే క్షమిస్తాను అన్నది దాని సారాంశం. కింద సంతకం. రోజలిన్ దాన్ని దాచుకున్నారు, అవసరమైనప్పుడు బయటికి తీశారు కూడా. కాగితం మీద రాస్తే చిరిగిపోతుందనుకున్నారో, నోటితో చెప్పడానికి అహం అడ్డొచ్చిందో! మాట పెగలని మగవాళ్లు మన ఇళ్లలోనూ తక్కువేం కాదు. వాళ్లలో ఎందరో కొట్టం సర్దడమో, పంపు బాగుచేయడమో చేసి సారీ చెప్పినట్టు అనుకుంటారు. ఈయన ఒక అడుగు ముందుకేసి దాన్ని అక్షరాల్లో చెక్కారు.

పడుకునేముందు ఇద్దరూ కలిసి బైబిలు చదవడం అలవాటు. ఒక రాత్రి ఆయన, ఇంకో రాత్రి ఆవిడ. స్పానిష్ భాష మరచిపోకుండా ఆ భాషలోనే చదువుకునేవారు. నలుగురు సంతానం: ముగ్గురు కొడుకులు, వాళ్ల తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన కూతురు ఎమీ.

మేకులు, చెమట, ఖమ్మం

కార్టర్ వడ్రంగాన్ని ఇల్లు దాటించింది ప్లెయిన్స్‌కు కూతవేటు దూరంలోని అమెరికస్ పట్టణం. 1976లో మిలర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థను అక్కడే పెట్టారు. దాని వేరు ఇంకా వెనక, 1942లో మొదలైన కొయినోనియా అనే పొలంలో ఉంది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బంతిలో తిని, ఒకే పొలంలో పనిచేసిన క్రైస్తవ సమూహం అది. 1950ల్లో జాతి విద్వేషులు దాన్ని వెలివేశారు, తుపాకులు పేల్చారు, బాంబులు వేశారు.

హాబిటాట్ సూత్రం తేలిక. ఇల్లు దానం కాదు. లాభం, వడ్డీ లేకుండా నెలకింత చొప్పున కట్టుకోవాలి. ఆ డబ్బుతో ఇంకో ఇల్లు లేస్తుంది. ఇల్లు పొందే కుటుంబం తన ఇంటికీ పొరుగింటికీ కూడా కూలి లేకుండా పనిచేయాలి. కూలీలకు బదులు స్వచ్ఛంద కార్యకర్తలు వస్తారు.

మన దేశంలో ఈ సంస్థ తొలి అడుగు 1983లో, ఖమ్మంలో పడింది. కార్టర్ అప్పటికి ఇంకా అందులో దిగనేలేదు. 1984 మార్చిలో ఆయన అమెరికస్‌లో ఒక ఇంటికి పనిచేశారు. అదే ఏడు సెప్టెంబరులో కార్యకర్తలతో కలిసి బస్సెక్కి న్యూయార్క్ వెళ్లారు. దిగువ ఈస్ట్ సైడ్‌లో కాలిపోయి పాడుబడ్డ ఆరంతస్తుల భవనాన్ని 19 కుటుంబాలకు ఇళ్లుగా మార్చే పని. రాత్రిళ్లు బస ఒక చర్చిలో. మాజీ అధ్యక్షుడు దూలాలు మోస్తున్నాడన్న వార్త దేశమంతా పాకింది. అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని సంస్థ ఇంటింటి పేరైంది. ఆ తర్వాత ఏటా ఒక వారం ఆ దంపతులు ఎక్కడో ఒక చోట పనిలో ఉండేవారు. 35 ఏళ్లలో 14 దేశాలు, 1,04,000కు పైగా కార్యకర్తలు, కొత్తగా కట్టినవీ బాగుచేసినవీ కలిపి 4,390 ఇళ్లు. రోజలిన్ కూడా సుత్తి పట్టినవారే. మొదట్లో మేకు కొట్టడం రాదన్న ఆవిడ తర్వాత ఎవరికీ తీసిపోలేదు.

పనిచోట ఆయన సరదా మనిషి కాదు. పొద్దున్నే ప్రార్థన, తర్వాత పని. మధ్యలో ఫొటోలకని వచ్చి నిలబడితే చిరాకు. మేస్త్రీకి ఉండే ఈ చిరచిర ఆయనకు రాజకీయాల్లో బాగా నష్టం చేసింది. కాంగ్రెస్ సభ్యులతో చనువుగా కబుర్లాడి పని జరిపించుకోవడం చేతకాని అధ్యక్షుడని అప్పట్లోనే పేరు. అంగుళం తేడా వస్తే పలకను పక్కన పడేసే మనస్తత్వం గరాజ్‌లో గుణం, రాజధానిలో లోపం. ఈ ముక్క ఆయన అభిమానులు ఒప్పుకోరు గానీ, 1980 ఫలితంలో దీని పాత్ర ఉందనే నా నమ్మకం.

2006 అక్టోబరు చివర ఆ వారం పని మన దేశానికి వచ్చింది. మహారాష్ట్రలో లోణావ్లా దగ్గర వంద ఇళ్లు. 82 ఏళ్ల కార్టర్ రోజూ తాపీ పట్టి ఇటుకలు పేర్చారు. బ్రాడ్ పిట్, స్టీవ్ వా వంటివాళ్లు కూడా వచ్చారు. ఆ ప్రాంతం కార్టర్ ఇంటికి అంత కొత్తదేమీ కాదు. ఆయన తల్లి లిలియన్ నర్సు. 68 ఏళ్ల వయసులో పీస్ కోర్ కార్యకర్తగా వచ్చి, 1966 నుంచి 68 దాకా ముంబయిలోని విక్రోలీలో రోగులకు సేవ చేశారు. కొడుకు 1978 జనవరిలో అధ్యక్షుడి హోదాలో ఢిల్లీ వచ్చారు. అప్పుడు మైకు ఆపలేదని తెలియక, అణు ఇంధనం విషయంలో ప్రధాని మొరార్జీ దేశాయ్‌కి కటువుగా ఉత్తరం రాయాలని తన మంత్రితో అనడం పత్రికల చెవిన పడింది. ఆ మర్నాడే గుర్గావ్ దగ్గర దౌలత్‌పూర్ నసీరాబాద్ అనే పల్లెకు వెళితే, ఊరివాళ్లు ఊరి పేరునే కార్టర్‌పురిగా మార్చేశారు. ప్రధాని గురించి కటువుగా మాట్లాడి, పల్లెకు పేరైన అతిథి!

2015లో క్యాన్సర్ మెదడుకు పాకిందని ఆగస్టులో తానే విలేకరులకు చెప్పారు. ఆ ఆదివారం సండేస్కూల్ మానలేదు. నవంబరులో మెంఫిస్‌లో ఇళ్ల పనికి వెళ్లారు. 2017లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఎండకు సొమ్మసిల్లితే ఆసుపత్రికి తీసుకెళ్లారు, మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చారు. 2019 అక్టోబరులో ఇంట్లో జారిపడి కనుబొమ పైన 14 కుట్లు పడ్డాయి. కన్ను నల్లగా వాచి ఉండగానే నాష్‌విల్‌లో వసారాలకు పెట్టే కొయ్య ఆనుకర్రలు బిగిస్తూ కనిపించారు. అప్పటికి ఆయనకు 95.

ఇదంతా ప్రచారం కోసమని పెదవి విరిచినవాళ్లు మొదట్లో ఉన్నారు. ఒక ఏడు చేస్తే ప్రచారం, ఐదేళ్లు చేస్తే పట్టుదల అనుకుందాం. 35 ఏళ్లు చేసినదానికి ఏం పేరు పెడతారో వాళ్లే చెప్పాలి.

2023 ఫిబ్రవరిలో ఇక ఆసుపత్రులు వద్దని ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఆ నవంబరు 19న రోజలిన్ 96 ఏళ్ల వయసులో ముందు వెళ్లిపోయారు. ఏడాది తర్వాత ఆయన. 2025 జనవరి 4న శవయాత్ర ఆర్చరీ పొలం ముందుకు వచ్చినప్పుడు, 39వ అధ్యక్షుడు కాబట్టి పాత పొలం గంటను 39 సార్లు మోగించారు. 9న వాషింగ్టన్ కేథడ్రల్‌లో దేశ నాయకులందరి మధ్య అంత్యక్రియల ప్రార్థన జరిగింది. సాయంత్రానికి ప్లెయిన్స్ తెచ్చి మరనాతలో ఊరివాళ్ల మధ్య ఇంకోసారి ప్రార్థన చేసి, ఇంటి ఆవరణలోనే భార్య పక్కన ఖననం చేశారు. ఇంటిని ఆ దంపతులు ముందే జాతీయ పార్కుల శాఖకు రాసిచ్చారు.

అట్లాంటాలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. సెలవు రోజున స్టోన్ మౌంటెన్‌కో, కోకాకోలా మ్యూజియానికో చుట్టాలను తిప్పడం మామూలే. ఈసారి దక్షిణంగా రెండున్నర, మూడు గంటలు కారు నడిపి ప్లెయిన్స్ వెళ్లి రండి. ఆయన చదివిన హైస్కూలే ఇప్పుడు మ్యూజియం. 1976 ఎన్నికల కార్యాలయంగా వాడుకున్న రైల్వే డిపో ఉంది. ఊళ్లో ఖాళీగా ఉన్నవాటిలో పనిచేసే మరుగుదొడ్డి దానికే ఉందని దాన్ని ఎంచుకున్నారట. ఆర్చరీ పొలంలో ఇల్లు, తండ్రి దుకాణం, కొలిమి కొట్టం చూడొచ్చు. పిల్లలను తీసుకెళితే ఆ కొట్టం దగ్గర కాసేపు ఆగనివ్వండి. ఆదివారమైతే ముందు మరనాతలో ఆరాధనకు కూర్చోండి, ఎవరొచ్చినా రానిస్తారు. పార్కుకు ప్రవేశ రుసుము లేదు.